బట్ట ఎనుక పక్క కూడా ఫోటో తియ్యుండ్రి

అద్దాలు కుట్టిన లంబాడీ సంచిని ఫోన్‌తోని ఫోటో తీసుడు అల్కటి పని కాదు. ఫ్లాష్ ఏస్తే అద్దాలన్నీ తెల్ల మచ్చలైతయ్. ఫ్లాష్ బంద్ చేసి ఎండల పెడితే ఒక్కో అద్దంల ఒక్కో సూర్యుడు. నీడకు తెచ్చి దగ్గరికెళ్లి తీస్తే, తీసేటోళ్ల మొకం, చేతిల ఫోను, ఎనుక కరెంటు స్తంభం అన్నీ సంచి మీదనే కనపడ్తయ్. ఆఖరికి యాష్టకొచ్చి ఓ ఫిల్టర్ ఏసి గ్రూపుల పెడ్తరు. చూసినోళ్లు 'సూపర్' అంటరు. కొననైతే కొనరు.

కృష్ణ, మూసి కలిసే మన వాడపల్లి చుట్టుపక్కల, దామరచర్ల మండలం తండాలల్ల ముసలమ్మల పెట్టెలు తెరిస్తే ఈ పనితనం ఇప్పటికీ దొరుకుతది. ఫేటియా, కాంచళి, టుక్రి. ఎర్ర బట్ట మీద అద్దాలు, గవ్వలు, ఊలు కుచ్చులు. గదే కుట్టుతోని సంచులు, పర్సులు, దిండు గలీబులు, తలుపు తోరణాలు చేసి అమ్మొచ్చని చానమందికి తెలుసు. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట దిక్కు బుట్టలల్లే మేదరోళ్లకు, కుండలు చేసే కుమ్మరోళ్లకు, గొంగడి నేసేటోళ్లకు కూడా ఇదే ఆలోచన ఉంది. చేసుడు పెద్దోళ్లకు వచ్చు. ఫోను పిల్లల చేతిల ఉంది. తెగిపోతున్నది నడుమల, ఫోటో కాడ.

యూట్యూబ్‌ల ఎతికితే లైట్ బాక్సు కొను, రింగ్ లైట్ కొను, స్టాండు కొను అని చాంతాడంత లిస్టు చదువుతరు. ఇంకా ఒక్క సంచి కూడా అమ్ముడుపోని ఇంట్ల అన్ని పైసలు ఎక్కడికెళ్లి వస్తయ్? అయినా లైటు సంగతి తర్వాత. ముందుగాల తేల్చుకోవాల్సింది, కొనేటోళ్లు ఫోటోల ఏం ఎతుకుతరు అనేది.

సంతల చూడుండ్రి. చీర కొనే అమ్మ ముందుగాల కొంగు తిప్పి ఎనుక పక్క చూస్తది. ఏళ్లతోని నలిపి చూస్తది. అంచు గుంజి, ఎలుతురుకు పట్టి చూస్తది. కుండ కొనేటామె ఏలుతోని కొట్టి చప్పుడు ఇంటది. చాట కొనేటామె అంచు కట్టు గట్టిగుందా అని ఒంచి చూస్తది. ఫోన్‌ల ఇవేవీ చెయ్యరావు. అందుకే కొనేటోళ్ల చెయ్యి చేసే పనిని ఫోటో చెయ్యాలె. అందం గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఫోటో సాక్ష్యం చెప్పాలె: ఇది చేతితోని చేసిందే, ఇంత సైజుదే, ఈ రంగుదే, మీ ఇంటికి వచ్చేది గిదే అని.

సాక్ష్యం ఎందుకంటున్ననో పోచంపల్లి సంగతి చూస్తే తెలుస్తది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005ల భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. అయినా 'పోచంపల్లి డిజైన్' అని పేరు పెట్టి మిల్లు బట్ట మీద అచ్చేసిన చీరలు ఆన్‌లైన్‌ల బొచ్చెడు ఉన్నయ్. ఫోన్ తెర మీద రెండూ ఒక్క తీరుగనే కనపడ్తయ్. ఇంకా చెప్పాల్నంటే అచ్చు చీరనే ఎక్కువ నిగనిగలాడుతది, గీతలు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటయ్. అసలైన ఇక్కత్‌ల గీత అంచు కొంచెం అదిరినట్టు, ఈకె చివర లెక్క ఉంటది. కారణం, రంగు బట్టకు ఏసింది కాదు, నూలుకు ఏసింది. నెయ్యకముందే నూలును లెక్క ప్రకారం కట్లు కట్టి రంగుల ముంచుతరు, కట్టు ఉన్న కాడ రంగు పట్టదు. తర్వాత మగ్గం మీద పోగు పక్కన పోగు సరిచూసుకుంట నేస్తే డిజైన్ తేల్తది. వెంట్రుకంత అటూ ఇటూ అయితే అంచు అదురుతది. తెలువనోళ్లు దీన్నే 'ప్రింట్ మంచిగ రాలే' అనుకుంటరు!

గీ ఒక్క సంగతి తెలిస్తే ఏ ఫోటో తియ్యాల్నో తెలిసినట్టే. రంగు పోగుల ఉంది కాబట్టి ఇక్కత్ ముందు పక్క, ఎనుక పక్క ఒక్క తీరుగ ఉంటది. అచ్చేసిన బట్టకు మామూలుగ ఎనుక పక్క వెలిసినట్టు ఉంటది. అందుకే కొంగును సగం మడత పెట్టి, ముందు పక్క, ఎనుక పక్క ఒక్క ఫోటోల పడేటట్టు తియ్యుండ్రి. పల్చటి బట్టకు అచ్చు రంగు కూడా ఎనుకదాకా దిగుతది, ఎనుక పక్క ఒక్కటే చాలదు. కొంగు చివర్ల ఒక పోగు ఊడదీసి తెల్ల కాయితం మీద పెట్టి దగ్గరి నుంచి తియ్యుండ్రి. ఒక్క పోగు మీదనే జెరంత ఎరుపు, జెరంత తెలుపు, మళ్ల ఎరుపు కనపడ్తది. అచ్చు బట్టల పోగు ఊడదీస్తే రంగు ఒక దిక్కు పట్టి ఒక దిక్కు పట్టనట్టు మరకలుగ ఉంటది. ఇంకోటి, మగ్గం మీద బట్ట వెడల్పు ముడుచుకోకుండ రెండు అంచులకు సూదుల కట్టె గుచ్చుతరు, దాని సన్న బొక్కలు అంచు పొడుగున ఉంటయ్. ఆ అంచు కూడా ఓ ఫోటో. ఈ మూడిటికీ ఖర్చు సున్న.

లంబాడీ కుట్టుకు కూడా ఇదే మాట. మిషన్ ఎంబ్రాయిడరీకి ఎనుక పక్క కింది దారం ఒక్కటే తీరుగ పోతది, చానసార్లు గట్టి కాయితం లాంటి అస్తరు కూడా అతికిచ్చి ఉంటది. చేతికుట్టుకు ఎనుక పక్క ముడులుంటయ్, ఒక పువ్వు కాడికెళ్లి ఇంకో పువ్వు కాడికి దారం దుంకినట్టు పోయి ఉంటది. చానమంది పిల్లలు గిది చూపియ్యనీకె సిగ్గుపడ్తరు, లోపల అస్తరు ఏసి మూసేస్తరు. అస్తరు ఏసుండ్రి గని, ఏసేముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండ్రి. ఆ ముడులే మీ యాడి వేళ్ల సంతకం. మూడు వందల మిషన్ సంచికి, పదిహేను వందల చేతికుట్టు సంచికి తేడా ఏందని అడిగినోళ్లకు ఆ ఒక్క ఫోటో పంపితే చాలు.

ఇగ ఎలుతురు. మన ఇండ్లకు దేవుడిచ్చిన స్టూడియో వరండా. పెంకుటిల్లు అరుగైనా, రేకుల షెడ్డు ముందర జాగైనా, తలుపు తీసిన అర్ర గడప లోపలైనా సరే. నేరుగ ఎండ పడొద్దు, ఆకాశం మాత్రం కనపడాలె. నేరుగ వచ్చే ఎండ ఒక్క దిక్కు నుంచే వస్తది కాబట్టి నీడలు కత్తితోని కోసినట్టు పడ్తయ్, రంగులు తెల్లబోతయ్. ఆకాశం ఎలుతురు అన్ని దిక్కుల నుంచి వస్తది, నీడ మెత్తగుంటది. పొద్దుగాల ఎనిమిది నుంచి పది నడుమ, మళ్ల సాయంత్రం నాలుగు దాటినంక బాగుంటది. మబ్బు పట్టిన దినమైతే పొద్దంతా తియ్యొచ్చు. వానకాలం పనులు ఆగినప్పుడు ఈ పని పెట్టుకుంటే అన్నిట్ల లాభమే.

వస్తువుకు ఒక పక్క నుంచి ఎలుతురు రావాలె. రెండో పక్క చీకటైతే తెల్ల చార్టు నిలబెట్టండ్రి. చార్టు లేకుంటే థర్మకోల్ ముక్క, అదీ లేకుంటే ఉతికిన తెల్ల పంచె దండెం మీద ఏసినా సరే. ఎలుతురు దానికి తగిలి తిరిగొచ్చి నీడను తగ్గిస్తది. కింద, ఎనుక ఇంకో చార్టు గోడకు ఆనిచ్చి నేల మీదికి వంపు వచ్చేటట్టు పరిస్తే గోడ-నేల కలిసే గీత కనపడదు. పూల దుప్పటి, నీలం టార్పాలిన్, ప్లాస్టిక్ కుర్చీ ఎనుక పెట్టొద్దు. అమెజాన్ లెక్క పెద్ద దుకాణాలు మొదటి ఫోటోకు ఎనుక మొత్తం తెలుపే ఉండాలంటయ్, వస్తువు ఫోటోల 85 శాతం జాగ నిండాలంటయ్, చూసేటోళ్లు పెద్దగ చేసుకోవాల్నంటే పొడుగు దిక్కు కనీసం 1,000 పిక్సెళ్లు కావాలె. ఇప్పుడొచ్చే ఏ మామూలు ఫోన్ కెమెరా అయినా దీనికి సరిపోతది.

అన్నిటికంటె ఎక్కువ కొంప ముంచేది రంగు. చీర వాపసొచ్చిందంటే సగంసార్లు వినపడే మాట 'ఫోటోల ఒక రంగు, చేతికొచ్చినంక ఇంకో రంగు' అనే. వాపసొచ్చిన పార్సిల్‌కు పోను రాను కొరియర్ ఖర్చు పడితే రెండు మూడు వస్తువుల లాభం గంగల కలుస్తది. రంగు ఎక్కడ చెడిపోతది? ఇంట్ల ట్యూబ్‌లైట్ ఏసి, కిటికీ ఎలుతురు కూడా పడేటట్టు తీస్తే రెండు ఎలుతుర్ల రంగులు వేరు, ఫోన్ దేన్ని నమ్మాల్నో తెలువక గాబరా పడ్తది. ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు వస్తది. ఫోటో తీసేటప్పుడు ఇంట్ల లైట్లన్నీ బంద్ చెయ్యండ్రి. పచ్చ రంగు గోడ పక్కన తీస్తే బట్ట మీద పచ్చదనం పడ్తది, అక్కడికెళ్లి జరగండ్రి. కెమెరాల బ్యూటీ, ఏఐ, వివిడ్ అని ఉన్నయన్నీ తీసెయ్యండ్రి. అవి ఎరుపును మండిస్తయ్. అసలే ఎరుపు ఫోన్లకు గిట్టని రంగు, జెర ఎలుతురు ఎక్కువైనా అందుల కుట్టు, నేత కలిసిపోయి ఎర్ర ముద్ద అయితది. తండా కుట్టంతా ఎర్ర బట్ట మీదనే కదా. తెర మీద ఏలు ఒత్తిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను కిందికి జరిపితే ఎలుతురు తగ్గుతది. పోగు పోగు కనపడేదాకా తగ్గియ్యుండ్రి.

తీసినంక ఫోన్‌ను ఆ బట్ట పక్కనే, ఆ నీడలనే పెట్టి రెండూ చూడుండ్రి. తేడా ఉంటే మళ్ల తియ్యుండ్రి. ఎంత చేసినా కొనేటోళ్ల ఫోన్ తెర వేరు, కాబట్టి రంగును మాటల్ల కూడా రాయాలె. 'రెడ్' అంటే ఏం తెలుస్తది? కుంకుమ ఎరుపా, పండు మిరపకాయ ఎరుపా, ఇటుక ఎరుపా? మామిడి చిగురు, నేరేడు పండు, గంధం, పసుపు కొమ్ము. మన భాషల రంగులకు కొదువ లేదు.

నల్ల గొంగడి తీస్తే బూడిద రంగు వస్తుందని, తెల్ల పంచె తీస్తే మురికి పట్టినట్టుందని కొందరంటరు. తప్పు ఫోన్ లెక్కది. ముందర ఏమున్నా నడిమధ్య ఎలుతురుకు తేవాలని చూస్తది. నలుపుకు ఎలుతురు తగ్గియ్యాలె, తెలుపుకు పెంచాలె. గొంగడికైతే ఇంకోటి కూడా ఉంది. ఎలుతురు ఎదురుంగ పడితే నల్ల పలక లెక్క చదునుగ ఉంటది. గొంగడిని తలుపుకు అడ్డంగ తిప్పి, ఎలుతురు దాని మీద పాకినట్టు పక్క నుంచి పడితే ఊలు గరుకు, నేత గట్లు లేస్తయ్. బుట్ట అల్లికకు, మట్టి కుండ మీద చక్రం గీతలకు కూడా గిట్లనే.

సన్న నేత బట్టకు ఒక్కోసారి ఫోటోల లేని అలలు, చారలు కనపడ్తయ్. బట్టల ఏం లేదు, కెమెరా గళ్లు, నేత గళ్లు ఒకదాని మీదొకటి పడి అట్ల అయితది. ఒక అడుగు ముందుకో ఎనుకకో జరిగితే పోతది.

మళ్ల అద్దాల కాడికొద్దాం. అద్దం ఎదురుంగ ఏముంటే అదే చూపిస్తది, దాని గుణమే అది. అందుకే అద్దాన్ని కొట్లాడి మార్చేకంటె, దానికి ఎదురుంగ ఏం పెట్టాల్నో మనమే తేల్చుకోవాలె. సంచిని నేల మీద పడుకోబెట్టి సరిగ్గ పైనుంచి తీస్తే అద్దాలకు మీరే కనపడ్తరు. కొంచెం ఏటవాలుగ ఆనిచ్చి పెట్టి, మీరు ఒక పక్కకు జరగండ్రి, మీకు ఎదురు పక్క తెల్ల థర్మకోల్ పట్టుకొని తమ్ముణ్ణో చెల్లెనో నిలబెట్టండ్రి. అద్దాలల్ల ఇప్పుడు తెలుపు తప్ప ఏం కనపడదు. మొత్తం తెలుపైతే అద్దమా, తెల్ల బిళ్లా అని అనుమానం వస్తది. థర్మకోల్‌ను సగం జరిపి ఎనుక నల్ల గొడుగు తెరిచి పట్టుకుంటే కొన్ని అద్దాలు మెరుస్తయ్, కొన్ని లోతుగ కనపడ్తయ్. అప్పుడు అద్దం అద్దంలెక్కుంటది. దీనికి తోడు ఐదు సెకండ్ల వీడియో. సంచిని చేతిల పట్టుకొని మెల్లగ అటూ ఇటూ తిప్పుండ్రి, పాట పెట్టకుండ. గవ్వలు, బిళ్లలు తగిలి గలగలమనే చప్పుడు కూడా వినపడాలె కదా.

సైజు గురించి గొడవలు మస్తు అయితయ్. పర్సు అనుకుంటే ఏలంత సంచి వచ్చిందంటరు. సెంటీమీటర్లు రాస్తే చదివేటోళ్లు తక్కువ. సంచిని భుజానికి ఏసుకున్న ఫోటో, కుండ పక్కన లీటరు నీళ్ల సీసా పెట్టిన ఫోటో, టేపు పెట్టి కొలిచిన ఫోటో ఒకటి ఉంటే మాట్లాడే పని లేదు. కుండను మరీ దగ్గరికెళ్లి తీస్తే కడుపు ఉబ్బి, మూతి చిన్నగ కనపడ్తది. నాలుగడుగులు ఎనుకకు జరిగి, ఫోన్‌ల రెండింతల లెన్స్ ఉంటే దాంతోని తియ్యుండ్రి, లేకుంటే దూరం నుంచి మామూలుగ తీసి తర్వాత చుట్టూ కత్తిరియ్యుండ్రి. చెయ్యి వణికితే నాలుగు ఇటుకలు పేర్చి ఫోన్ ఆనిచ్చి టైమర్ పెట్టుకోండ్రి. ఇంతకంటె ముందుగాల లెన్స్‌ను మెత్తటి నూలు గుడ్డతోని తుడువుండ్రి. జేబుల చెమట, చేతుల నూనె అంటి ఉంటది. చాన ఫోన్లల్ల 'కెమెరా పోయింది' అనుకునే మసక గిదే. తీసినంక వాట్సాప్‌ల మామూలుగ పంపితే ఫోటో నలిగి చిన్నగైతది. డాక్యుమెంట్ లెక్క పంపితే తీసింది తీసినట్టు పోతది.

ఫోటోకు అందని సంగతులు కొన్ని ఉంటయ్. పుట్టపాక తేలియా రుమాల్‌నే తీసుకోండ్రి, దానికి 2020ల జీఐ వచ్చింది. నూలును నూనె, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల దినాల తరబడి నానబెట్టి పిసుకుతరు. అందుకే పేరుల తేలియా ఉంది, బట్టకు ఆ నూనె వాసన ఉంటది. ఇదే ఊరోళ్లు గజం గోవర్ధనకు 2011ల, గజం అంజయ్యకు 2013ల పద్మశ్రీ వచ్చింది. ఇంత పేరున్న బట్ట వాసనను ఏ కెమెరా పట్టుకుంటది? రెండు లైన్లు రాయాల్సిందే. రాయకుంటే, పార్సిల్ విప్పినోళ్లు 'బట్ట వాసనొస్తుంది' అని వాపసు పంపుతరు.

పేరు గురించి కూడా జెర పైలం. జీఐ ఉన్న పేరును ఆ ఊరి చుట్టుపక్కల చేసే, రిజిస్టర్ అయినోళ్లే వాడాలె, తప్పుడుగ వాడితే జైలు శిక్ష దాకా ఉంది చట్టంల. కర్ణాటకల సండూరు లంబాడీ కుట్టుకు జీఐ ఉంది. 2023 జులైల హంపిల జీ20 మీటింగ్ అయినప్పుడు 450 మందికి పైగ లంబాడీ ఆడోళ్లు చేసిన 1,755 వస్తువులు ఒక్క కాడ పేర్చి గిన్నిస్ రికార్డు కొట్టిన్రు. ఆ కుట్టు, మన తండాల కుట్టు చుట్టాలే. అయినా మన సంచికి సండూరు పేరు పెడితే ఎక్కువ పోతదని ఆశపడొద్దు. దామరచర్ల తండా కుట్టు అని మన ఊరి పేరే రాయండ్రి. పేరు ఒక్క దినంల రాదు, కాకుంటే వేరేటోళ్ల పేరు కింద దాక్కుంటే ఎన్నడూ రాదు.

చేసినోళ్ల ఫోటో పెడితే అమ్మకం పెరుగుతదని అందరూ చెప్తున్నరు. నిజమే గని, అడిగి తియ్యుండ్రి. పాత బట్టలు కట్టిచ్చి, నిలబెట్టి, జాలి పుట్టేటట్టు తీసుడు నాకు అసలే నచ్చది. ఆమె బిచ్చం అడుగుతలేదు, సరుకు అమ్ముతున్నది. కుడుతున్న చేతులు, సూది, కుట్టుల ఉన్న సగం పువ్వు. మొకం కంటె ఇవే ఎక్కువ చెప్తయ్, ఆమెకు ఇబ్బంది కూడా ఉండది.

ఇంటింటికి అన్నీ కొనాల్సిన పని కూడా లేదు. మహిళా సంఘం ఆఫీసులనో, పంచాయతీ ఆఫీసు వరండాలనో ఒక మూల ఈ పనికి ఇస్తే, ఒక బల్ల, నాలుగు చార్టులు, రెండు థర్మకోల్ ముక్కలు, ఒక టేపు, ఒక నల్ల గొడుగు పెడితే ఊరంతకూ సరిపోతది. వారంల ఒక దినం ఊర్ల ఫోటోలు మంచిగ తీసే పిల్ల ఒకామె కూసుంటే చాలు, ఫోటోకు ఇంత అని ఆమెకు ఇయ్యాలె. ఆమె పని కూడా పనే.

ఆఖరిది, చానమంది పట్టిచ్చుకోనిది. చేతిపని ఏ రెండూ ఒక్క తీరుగ ఉండయ్. ఒక మంచి సంచి ఫోటో పెట్టి, దాని కింద పది సంచులు అమ్ముడు మిల్లు సరుకు పద్ధతి. కొన్నామె 'ఫోటోల తొమ్మిది అద్దాలున్నయ్, దీని మీద ఏడే ఉన్నయ్' అంటే జవాబు ఉండది. ప్రతి వస్తువుకు చిన్న కాయితం ముక్క మీద నంబర్ రాసి, దాంతోని పాటు ముందు పక్క, ఎనుక పక్క తియ్యుండ్రి. ఒక నోటుబుక్కుల నంబర్, కుట్టిన దినాలు, ధర రాసుకోండ్రి. ఎక్కడన్న పోగు తప్పితే, అద్దం అంచు పగిలితే అది కూడా దగ్గరి నుంచి తీసి పెట్టండ్రి, ధర తగ్గిచ్చి చెప్పుండ్రి. అమ్ముడైన దినమే ఆ ఫోటో తీసెయ్యండ్రి.

రేపు పొద్దుగాల ఎనిమిదింటికి వరండాల చార్టు పరిచి ఒక్కటి తీసి చూడుండ్రి. లెన్స్ తుడుసుడు మర్వకుండ్రి.